మిరప కల్లంలో నాకు దొరికిన విడుదల

మన సంఘ పత్రిక చదువుతున్న సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరట మీ అందరికీ నా వందనాలు. సాక్ష్యం రాసి ఇవ్వమని మన కాపరి ఆశీర్వాదం అయ్యగారు మూడు ఆదివారాలుగా అడుగుతున్నారు, నేను మూడు ఆదివారాలుగా రేపు రేపు అంటున్నాను, దానికి కారణం సిగ్గు కాదు, ప్రతి అంకె సరిచూసుకుంటే గానీ ఒక వాక్యం రాయలేని అలవాటు నాది. నా పేరు జాన్ సుధీర్. చదివింది విమానాల ఇంజనీరింగు, ఇరవై రెండేళ్లుగా చేస్తున్నది విమానాల మరమ్మతు, గత తొమ్మిదేళ్లుగా చిన్న విమానాలు నడుపుతున్నాను కూడా. అందుచేత ఈ సాక్ష్యంలో అడుగులు, నిమిషాలు కొంచెం ఎక్కువగా కనిపిస్తాయి, ఓర్చుకోండి.

విమానం సంగతికి ముందు నా చీకటి కాలం గురించి చెప్పాలి. మన సంఘంలో మందు మానిన సహోదరులున్నారు, పేకాట వదిలిన సహోదరులున్నారు, మంచం పట్టి లేచి నడిచిన తల్లులున్నారు, వాళ్ల సాక్ష్యాలు విన్నప్పుడల్లా నేను తల ఊపి, ప్రభువా నాకు అలాంటివేమీ లేవు, స్తోత్రం అని లోలోపల అనుకునేవాడిని. నాకున్న జబ్బు ఏ డాక్టరూ చీటీ మీద రాయడు. నేను తప్పు ఒప్పుకోలేను. పెళ్లయిన పందొమ్మిదేళ్లలో "తప్పు నాది" అనే మాట నా నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు, ఇది నేను చెబుతున్న లెక్క కాదు, నా భార్య రూతు చెప్పిన లెక్క, ఆమె లెక్కలో తేడా ఉండదు. మోటారు ఆపడం మరిచి మేడ మీద ట్యాంకు పొంగి పక్కింటి వాళ్ల వడియాలు తడిస్తే, నేను పక్కింటావిడకు వడియాలు ఆరబెట్టాల్సిన చోటు గురించి పావుగంట వివరించిన మనిషిని.

మా అమ్మాయి ప్రవేశ పరీక్ష రోజున నేనే బండి మీద తీసుకెళ్లి ఒక కాలేజీకి బదులు అదే పేరున్న ఇంకో కాలేజీ ముందు దింపాను, ఆ పిల్ల ఎండలో పరుగెత్తి అసలు చోటికి చేరేసరికి గేటు మూసేశారు. ఇంటికొచ్చి హాల్ టికెట్టు మీద అక్షరాలు ఎంత చిన్నవో భూతద్దం పెట్టి చూపించాను. అక్షరాలు నిజంగానే చిన్నవి. కానీ ఆ పిల్ల నా వైపు చూసిన చూపు నాకు తెలుసు, ఆ తరువాత నాలుగు నెలలు నాతో మాటలన్నీ వాళ్లమ్మ ద్వారానే నడిచాయి, ఇంట్లో నేను వస్తే టీవీ గొంతు తగ్గేది, అన్నం మాత్రం పెట్టేవాళ్లు, ఎవరూ గొడవ పడేవాళ్లు కాదు, గొడవ పడడం కూడా మానేశారంటే ఆ ఇల్లు ఎంత దూరం వెళ్లిపోయిందో ఆలోచించండి. పనిలోనూ అంతే. ఏదైనా లోపానికి నా చెయ్యి కారణమని తెలిసినప్పుడు రిపోర్టులో "కారణం తెలియలేదు" అని రాసేవాడిని. అబద్ధం కాదని నాకు నేను సర్దిచెప్పుకునేవాడిని. అప్పుడు పక్కవాడి మీద అనుమానం పడేది, నేను ఊరుకునేవాడిని. ఇలా ఒకసారి కాదు, నాకు గుర్తున్నంత వరకు మూడుసార్లు.

ఇక ఆ రోజు. మా యజమాని గారికి గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి, ఆయనకొక చిన్న విమానం ఉంది, ఒకే ఇంజిను, నాలుగు సీట్లు, రెక్కలు మన తల మీదుగా పోయే రకం. దాన్ని చూసుకునేదీ నడిపేదీ నేనే, నాకు సాయంగా మెకానిక్ సుబ్బారావు గారు, ఇంకో ఏడాదిలో పని విరమించబోతున్న పెద్దాయన, చేతికి ఎప్పుడూ ఒక తెల్ల గుడ్డ చుట్టుకుని ఉంటారు. యజమాని తిరుపతిలో ఉన్నారు, ఆయన్ని తీసుకురావడానికి నేను గన్నవరం నుంచి ఖాళీ విమానంతో వెళ్లాలి. అదే రోజున తిరుపతిలో యువజన కూడికల్లో వాక్యం చెప్పడానికి మన అయ్యగారు రైలుకు టికెట్టు దొరక్క ఇబ్బంది పడుతున్నారు. యజమానిని ఫోనులో అడిగితే, "ఖాళీ సీటేగా, పెద్దాయన్ని ఎక్కించుకోండి, నా పేరు కూడా కాస్త ప్రార్థనలో పెట్టమనండి" అన్నారు.

ముందు రోజు సాయంత్రం సుబ్బారావు గారు ఇంజినులో ఆయిలు పోసి, పుస్తకంలో సంతకం చేసి వెళ్లారు. మరునాడు బయలుదేరే ముందు విమానం చుట్టూ తిరిగి ఒక్కొక్కటీ ముట్టుకుని చూసుకోవడం నా పని, దానికి వరుసగా రాసిన చెక్‌లిస్టు ఉంటుంది. అందులో ఒకటి ఆయిలు కొలత. ఇంజిను పైరేకులో అరచేయంత చిన్న తలుపు తీసి, లోపలి డిప్‌స్టిక్కును, అంటే ఆయిలు కొలిచే పుల్లను, మర విప్పి పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి, ఆయిలు ఎంత వరకు తడిసిందో చూసి, తిరిగి లోపల పెట్టి రెండు చుట్లు తిప్పి బిగించాలి. ఆ పుల్లకున్న మూతే ఆయిలుకు మూత. నేను కొలత చూశాను, సరిపోయింది, పుల్ల లోపల పెట్టాను, సరిగ్గా అప్పుడే నా వెనుక నుంచి అయ్యగారి గొంతు వినిపించింది.

"నాయనా, బయలుదేరే ముందు ఈ బండి మీద చెయ్యి పెట్టి ఒక్క ప్రార్థన చేసుకుందామా?"

సహోదరులారా, మన పద్ధతి మీకు తెలుసు. కొత్త ఆటో కొన్నా, కొత్త మిక్సీ కొన్నా, అయ్యగారు దాని మీద చెయ్యి పెట్టకుండా మనం స్విచ్చి వెయ్యం, అది మంచి పద్ధతే. "ఒక్క నిమిషం అయ్యగారూ, ఇది బిగించి వస్తాను" అని అంటే ఆయన ఒక్క నిమిషం కాదు, అరగంట ఆగేవారు. కానీ దైవసేవకుణ్ణి ఆపడం మర్యాద కాదనిపించి, నేను రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాను. ప్రార్థన నాలుగు నిమిషాలు నడిచింది, చక్రాలను, రెక్కలను, తిరుపతి యువకులను, యజమాని గారి కుటుంబాన్ని, వాతావరణ శాఖను అన్నింటినీ ప్రభువు చేతికి అప్పగించాం. ఆమేన్ అన్నాక నేను కళ్లు తెరిచి, ఎదురుగా ఉన్న చిన్న తలుపు మూసి, చెక్‌లిస్టులో తరువాతి వరుసకు వెళ్లిపోయాను. చెక్‌లిస్టు మధ్యలో ఆగితే మళ్లీ మొదటి నుంచి చూడాలి అన్న నియమం మా షెడ్డు గోడ మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. అది రాసి అంటించింది నేనే.

పదకొండు ముప్పై అయిదుకు నేల విడిచాం. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మూడు వేల అయిదు వందల అడుగుల ఎత్తులో, తీరానికి కాస్త పడమరగా, పెదకాకాని గోపురం కుడి పక్కన, పొన్నూరు పొలాలు ఎడమ పక్కన పెట్టుకుని వెళుతుంటే అయ్యగారు చిన్నపిల్లాడిలా కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నారు. మాగాణి దాటి మెట్ట మొదలయ్యాక కింద నల్లరేగడి మీద అక్కడక్కడా ఎర్రటి చతురస్రాలు కనిపించాయి. "అవేంటి నాయనా, ఎవరో తివాచీలు పరిచారు?" అని అడిగారు. కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారని చెబితే, "నా జీవితమంతా మిరపకాయను పచ్చడిలోనే చూశాను, పైనుంచి ఇదే మొదలు" అన్నారు.

పన్నెండు దాటి ఒక నిమిషం అయ్యేసరికి, మా ఎదుటి అద్దం కుడి మూలన సన్నటి గోధుమరంగు చుక్కలు పడ్డాయి. నేను ఆయిలు ప్రెషరు ముల్లు చూశాను. అది ఉండాల్సిన పచ్చగీత కిందకి జారుతోంది, వేడి చూపే ముల్లు పైకి ఎక్కుతోంది. ఈ రెండూ కలిసి ఒకే మాట చెబుతాయి, ఇంజినులో ఆయిలు లేదు. నేను పవరు తగ్గించి గన్నవరానికి రేడియోలో చెబుతుండగానే డబ్బాలో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు వచ్చింది, విమానం ఒక్కసారి వణికింది, ముందున్న ఫ్యాను ఆగిపోయింది. తిరుగుతున్నంతసేపూ కనిపించని ఆ రెక్క, కళ్ల ముందు అడ్డంగా, కదలకుండా నిలబడింది. గాలి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"నాయనా, ఏదో ఆగినట్టుంది," అన్నారు అయ్యగారు.

"ఇంజిను ఆగిందండి. మళ్లీ తిరగదు. పొలంలో దిగుతున్నాం."

ఆయన ఒక్క క్షణం నా ముఖం చూశారు. "దిగడం నీకు వచ్చా?"

"నేర్చుకున్నాను. ఎప్పుడూ చెయ్యలేదు."

ఇంజిను లేకపోయినా విమానం రాయిలా పడిపోదు, ఇది మీలో చాలామందికి తెలియకపోవచ్చు. మా విమానం నిమిషానికి ఏడు వందల అడుగుల చొప్పున జారుతుంది, అంటే నా చేతిలో అయిదు నిమిషాలున్నాయి. ఆ అయిదు నిమిషాల్లో ఒకే ఒక్కసారి దిగగలం, బాగా లేదని మళ్లీ పైకి లేవడం ఉండదు. దూరంగా ఎవరో పత్తి కట్టె తగలబెడుతున్నారు, ఆ పొగ వాలిన తీరు చూసి గాలి ఆగ్నేయం నుంచి అని తెలుసుకున్నాను. పర్చూరు వెళ్లే తారు రోడ్డు తిన్నగా ఉంది గానీ దాని పొడవునా కరెంటు తీగలు. పత్తి చేలలో కట్టె నడుమెత్తు నిలబడి ఉంది, చక్రాలు చిక్కుకుంటే తలకిందులవుతాం. పొగాకు తోటలు ఇంకా పచ్చగా, ఎత్తుగా ఉన్నాయి. వాటి మధ్యలో కోత అయిపోయిన శనగ చేను ఒకటి బోడిగా, పొడుగ్గా కనిపించింది, దాని చివర రోలరు తొక్కించి చదును చేసిన కల్లం, కల్లం నిండా మిరపకాయలు. చేను చాలు, కల్లం దాకా వెళ్లకముందే ఆగవచ్చని లెక్క కట్టాను.

అప్పుడు అయ్యగారు చాలా మర్యాదగా అడిగారు. "ఇప్పుడు ప్రార్థన చెయ్యొచ్చా నాయనా, నీ పనికి అడ్డమా?"

"చెయ్యండి అయ్యగారూ, కళ్లు మాత్రం మూసుకోకండి. మీ పక్కన కరెంటు స్తంభాలు కనిపిస్తే చెప్పండి."

అరవై ఎనిమిదేళ్ల ఆ దైవజనుడు కళ్లు తెరిచి ప్రార్థించడం నేను చూడడం అదే మొదలు. "ప్రభువా, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడా, ఇప్పుడు మేము ఆ రెంటికీ మధ్యలో ఉన్నాము, ఈ బిడ్డ చేతులు నీ చేతుల్లో పెట్టుకో తండ్రీ, కుడి పక్క స్తంభాలున్నాయి నాయనా, నాలుగు, అయిదు, మా పాపములు క్షమించి మమ్మల్ని మెల్లగా దించు ప్రభువా, అదిగో ట్రాక్టరు, అది ఆగి ఉందిలే, నీకే స్తోత్రం..." ఇలా సాగింది. నేను పెదవుల లోపల చేసిన ప్రార్థన ఇంకా చిన్నది. "తండ్రీ, చేతులు వణకనివ్వకు." అంతే. అవి వణకలేదు. ఇరవై రెండేళ్లలో ఇంత ప్రశాంతంగా ఏ పనీ చెయ్యలేదని ఇప్పటికీ అనిపిస్తుంది, అది నా శిక్షణ అని కొందరంటారు, శిక్షణ నాకు అంతకుముందూ ఉంది, ప్రశాంతత ఎప్పుడూ లేదు.

పెట్రోలు కట్టేశాను, స్విచ్చులన్నీ ఆపేశాను, రేకు నొక్కుకుపోయి తలుపులు ఇరుక్కోకుండా ముందే గడియలు తీయించాను. తీగల మీదుగా దాటి, పన్నెండు తొమ్మిదికి వెనుక చక్రాలు రేగడి నేలను తాకాయి. నేల గట్టిది. బ్రేకు తొక్కాను. లెక్క ప్రకారం చేనులోనే ఆగాలి, కానీ కోత కోసిన శనగ పొట్టు నేల నిండా ఉంది, దాని మీద చక్రాలు జారాయి, కుడి పక్క పత్తి కట్టె కుప్ప, ఎడమ పక్క కాలువ, ఎటూ తిప్పలేను, విమానం తిన్నగా కల్లంలోకి వెళ్లి, ఎర్రటి కాయల్లో చక్రాలు సగం దిగబడి, పెళ్లిపీట మీద కూర్చున్నట్టు నిదానంగా ఆగిపోయింది. మా ఇద్దరికీ చిన్న గీత కూడా పడలేదు. కల్లంలో మనుషులు లేరు, కూలీలందరూ అన్నాలకు పక్కన వేపచెట్టు నీడకు వెళ్లారు. అయిదు నిమిషాలు ముందైతే అక్కడ ఇరవై మంది వంగి కాయలు తిరగేస్తూ ఉండేవారు. దేవునికే మహిమ!

కానీ ఎండు మిరపకాయల మీద టన్నుకు దగ్గర బరువు దొర్లితే ఏమవుతుందో గుంటూరు వాళ్లకు వేరే చెప్పాలా? ఘాటు లేచింది. అయ్యగారు తలుపు తోసి దిగి, చేతులు పైకెత్తి "ప్రభువా నీకు" అని తుమ్మారు, మళ్లీ "ప్రభువా నీకు వందన" అని తుమ్మారు, ఆ కృతజ్ఞతా ప్రార్థన పూర్తి కావడానికి ఏడు తుమ్ములు పట్టింది. నా కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. చెట్టు కింది వాళ్లు పరుగెత్తుకొచ్చారు, అందరికంటే ముందు ఆ కల్లం ఆసామి మస్తాన్ వలి గారు, ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుని.

"ఏవయ్యా, ఇంత మెట్టలో నీకు నా కల్లమే దొరికిందా?"

కూలీల ముఠా మేస్త్రి నాగమ్మ గారు వెనుక నుంచి కేక పెట్టింది. "ముందు మనుషులు బాగున్నారో లేదో అడుగయ్యా సాయిబూ, కాయల సంగతి తర్వాత! పాపం ఆ పెద్దాయన చూడు, ఎలా ఏడుస్తున్నాడో."

"ఏడవడం లేదమ్మా," అన్నారు అయ్యగారు, "ఘాటు."

"నేను పుట్టిన కాడి నుంచి ఈ ఘాటులోనే ఉన్నాను, మాకు రాని ఏడుపు మీకొచ్చిందా, రండి ఇటు," అని ఆయన చెయ్యి పట్టుకుని నీడకు తీసుకెళ్లింది. మస్తాన్ వలి గారు మా ఇద్దరినీ పైనుంచి కింద దాకా తడిమి చూసి, ఎముకలన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక, "అల్లా దయ, పోనీలే, కూర్చోండి" అని తన క్యారేజీలోని మజ్జిగ నాకు పోశారు. ఇలాంటి మనిషి కల్లాన్ని తొక్కినందుకు నాకు మొట్టమొదటిసారి సంజాయిషీ ఏదీ తోచలేదు.

పావుగంటలో ఊరు ఊరంతా వచ్చింది. అయ్యగారు ట్రాక్టరు తొట్టి మీద చెయ్యి ఆనించి, ఇంజిను ఆగిన దగ్గర నుంచి దేవుడు చేసిన కార్యం చెబుతున్నారు, ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటున్నారు, ఎవరో నన్ను చూపించి "దింపింది ఈయనే" అంటున్నారు. ఆ మాట నాకు తియ్యగానే ఉంది, దాచను. ఆయిలు ఎక్కడి నుంచి కారిందో చూద్దామని నేను ఒక్కడినే ఇంజిను దగ్గరికి వెళ్లాను. చిన్న తలుపు తీశాను. లోపలంతా నల్లగా ఆయిలు చిమ్మి ఉంది. డిప్‌స్టిక్కు మూతను రెండు వేళ్లతో ముట్టుకున్నాను, అది గిన్నె మీద మూతలా ఊగింది.

సహోదరులారా, సహోదరీలారా, నా జీవితంలో అతి ప్రమాదకరమైన క్షణం పైన ఆకాశంలో రాలేదు. ఇక్కడ, నేల మీద, రెండు కాళ్ల మీద నిలబడి ఉన్నప్పుడు వచ్చింది. షెడ్డు, అయ్యగారి గొంతు, నా జోడించిన చేతులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకు వచ్చాయి. నా వేళ్లు ఇంకా ఆ మూత మీదే ఉన్నాయి. ఎవరూ చూడడం లేదు. రెండు చుట్లు తిప్పితే చాలు, విచారణ అధికారులు వచ్చేసరికి మూత గట్టిగా ఉంటుంది, రిపోర్టులో "కారణం తెలియలేదు" అని వస్తుంది. కాదు, ఇంకా ఘోరం, ముందు రోజు ఆయిలు పోసి సంతకం చేసిన చెయ్యి ఎవరిదో పుస్తకంలో ఉంది. ముప్పై ఏళ్లలో ఒక్క మచ్చ లేని సుబ్బారావు గారి మీద చివరి ఏడాదిలో అనుమానం పడుతుంది. నేను నోరు విప్పి ఒక్క అబద్ధం చెప్పనక్కరలేదు. ఊరుకుంటే సరిపోతుంది. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని.

ఎంతసేపు అలా నిలబడ్డానో గడియారం చూడలేదు, నా సాక్ష్యంలో అంకె లేని చోటు ఇదొక్కటే. నేను చేసిన ప్రార్థన ఇది: "ప్రభువా, ఇందాక అయిదు నిమిషాలు నా చేతులు పట్టుకున్నావు, ఇప్పుడు ఇంకొక్కసారి పట్టుకో, ఈ చెయ్యి నా మాట వినేట్టు లేదు." నా వేళ్లు మూతను వదిలాయి. వదిలినప్పుడు కలిగిన తేలిక నేను మాటల్లో కొలిచి చెప్పలేను.

అక్కడి నుంచే పెద్దగా పిలిచాను. "అయ్యగారూ, ఒక్కసారి ఇలా రండి. మస్తాన్ వలి గారూ, మీరు కూడా. ఇది చూడండి, ఎవరూ ముట్టుకోకండి." వాళ్లతో పాటు ఊరు కూడా కదిలివచ్చింది. "ఈ మూత నేను బిగించలేదు. పొద్దున ప్రార్థనకు ఆగినప్పుడు వదిలేశాను, తరువాత చూసుకోలేదు. ఆయిలంతా ఇందులోంచే పోయింది. ఇంజిను చెడిపోలేదు, నేను చెడగొట్టాను. తప్పు నాది."

అయ్యగారి ముఖం పాలిపోయింది. "నాయనా, మధ్యలో ప్రార్థన అన్నది నేనే కదా. అంటే ఈ ఇంజిను నా ప్రార్థన వల్ల ఆగిందా?"

"కాదండి. మీరు పిలిచారు, బిగించి వస్తానని నేను అనలేదు. అని ఉంటే మీరు వద్దనేవారా?"

"వద్దని ఎందుకంటాను? ప్రభువు ఆ మాత్రం ఆగడా?"

మస్తాన్ వలి గారు తల లోపలికి పెట్టి మూతను చూశారు, నన్ను చూశారు. "అంటే ఇంత పెద్ద చదువు చదివి, ఇంతెత్తుకు ఎక్కి, మూత పెట్టడం మర్చిపోయావా? మా ఇంట్లో నేను పచ్చడి జాడీకి మూత పెట్టకపోతేనే మా ఆవిడ పూట అన్నం పెట్టదు."

నాగమ్మ గారు ముందు నవ్వింది. తరువాత ఊరంతా నవ్వింది. నా తప్పు చూసి జనం నవ్వుతుంటే నేను కూడా వాళ్లతో కలిసి నవ్వడం, అది నా జీవితంలో ఎన్నడూ జరగనిది.

ఆ చెట్టు కిందే కూర్చుని రూతుకు ఫోను చేశాను. పొలంలో దిగామనీ, ఇద్దరం క్షేమమనీ చెప్పి, ఆమె స్తోత్రం చెల్లించి కుదుటపడ్డాక, "ఇంకో సంగతి, తప్పు నాది" అన్నాను. రూతు చాలా జాగ్రత్తగా అడిగింది. "ఏవండీ, తలకేమైనా దెబ్బ తగిలిందా?" లేదన్నాను. "అయితే స్పీకరు పెడతాను, పిల్ల కూడా ఇక్కడే ఉంది, ఇంకోసారి చెప్పండి" అంది. ఇంకోసారి చెప్పాను. చెప్పి, ఆగకుండా, పరీక్ష రోజున కాలేజీ కూడా నేనే తప్పు చూశానని, హాల్ టికెట్టు అక్షరాలది ఏమీ లేదని చెప్పాను. మా అమ్మాయి "తెలుసు నాన్నా" అంది. నాలుగు నెలల తరువాత నేరుగా నాతో అన్న మొదటి మాట అది.

విచారణకు వచ్చిన అధికారికి నేను రాసి ఇచ్చిన కాగితం ఆరు వాక్యాలు, వాటిలో మూడింటికి కర్త నేను. నా లైసెన్సు కొన్ని నెలలు ఆపేశారు, అది న్యాయం. యజమాని గారు పది రోజులు నాతో మాట్లాడలేదు, అదీ న్యాయమే, పదకొండో రోజు ఫోను చేసి, "కొత్త ఇంజిను వచ్చాక మళ్లీ నువ్వే చూడాలి, ఎందుకంటే ఇంకోడైతే నాకు నిజం చెబుతాడన్న గ్యారంటీ లేదు" అన్నారు. సుబ్బారావు గారు మాత్రం మరునాడే మా ఇంటికి వచ్చారు, మంచినీళ్లు కూడా తీసుకోకుండా గుమ్మంలోనే నిలబడ్డారు. "ఆయిలు పోయిందని ఫోను వచ్చిన దగ్గర నుంచి అన్నం సహించలేదండి. నేనే సరిగా బిగించలేదేమో అనుకున్నాను. రాజీనామా కాగితం కూడా రాసి జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం మీరే చెప్పారని తెలిసింది." ఆ కాగితం తీసి నా ముందే నాలుగు ముక్కలు చేశారు. నేను కల్లంలో ఊరుకుని ఉంటే ఆ పెద్దాయన నా తప్పును తన తప్పనుకునే జీవితాంతం బతికేవారు. ఆ ముక్కలు చూశాక నాకు విడుదల అనే మాటకు అర్థం తెలిసింది, అది నా ఒక్కడికే రాలేదు.

చితికిన మిరపకాయల సంగతి కూడా చెప్పాలి. మంచి కాయల్లో విరిగినవి కలిస్తే సరుకంతా తక్కువ రకం కిందకి పోతుంది, వేరు చెయ్యాలంటే ఒక్కొక్క కాయ చేత్తో ఏరాలి. మన స్త్రీల కూడిక సహోదరీలు, యువజనులు రెండు రోజులు ఆ కల్లంలో కూర్చుని ఏరారు. ముఖానికి గుడ్డ ఎలా చుట్టుకోవాలో, చేతికి నూనె ఎంత రాసుకోవాలో నాగమ్మ గారు నేర్పింది, ముక్కు గోక్కున్నవాళ్లను పేరుపెట్టి తిట్టింది. అయ్యగారికి ఏరే పని ఇవ్వలేదు, నీళ్ల బిందె దగ్గర కూర్చోబెట్టింది. మస్తాన్ వలి గారి భార్య అందరికీ పెట్టిన అన్నంలో కొత్త కారం కలిపిన పప్పు ఉంది, దాని గురించి మన సంఘంలో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

ఇప్పుడు నేను మళ్లీ విమానం నడుపుతున్నాను. ప్రార్థన ఇప్పుడూ ఉంది, ముందు ప్రార్థన, ఆమేన్ అయ్యాకే చెక్‌లిస్టు, మధ్యలో ఎవరు పిలిచినా మళ్లీ మొదటి నుంచి. అయ్యగారు ఆమేన్ అనగానే నోటి మీద వేలు పెట్టుకుని పక్కన నిలబడతారు, తుమ్ము వచ్చినా ఆపుకుంటారు.

ఆ రోజు నన్ను ఎత్తు నుంచి దించినవాడు, దించాక నా చెయ్యి వదిలేయకుండా పట్టుకున్నవాడు, యేసుప్రభువు ఒక్కడే. నా ప్రియ సహోదరులారా, సహోదరీలారా, మీలో ఎవరైనా ఒక మాట చెప్పలేక ఏళ్ల తరబడి మోస్తూ ఉంటే, ఆ మాట చెప్పాక మిగిలేది ఏమీ ఉండదేమో అని భయపడుతూ ఉంటే, నమ్మండి, మిగులుతుంది. ఆయన దగ్గర చెప్పండి, ఆ తరువాత ఎవరికి చెప్పాలో వాళ్లకు చెప్పండి. మొదటిసారి కష్టం. పద్ధతి తెలియకపోతే ప్రతి శనివారం సాయంత్రం ఆరు గంటలకు మా ఇంట్లో చిన్న కూడిక జరుగుతుంది, రండి. ఆ వారంలో చేసిన తప్పు ఒకటి చెప్పుకుని, ప్రార్థించుకుని, టీ తాగి వెళతాం. ఎవరినీ బలవంతం చెయ్యం. మొదట చెప్పేవాడు దొరకడేమో అన్న సందేహం అక్కరలేదు, అది నా వంతు, ఈ వారానిది ఇప్పటికే సిద్ధంగా ఉంది, రూతు దాన్ని విడిగా కూడా రాసి పెట్టుకుంది.